సీతకు దొరకని అవకాశం

యుద్ధం సినిమా అనగానే మనలో చాలామంది "అది అబ్బాయిల సినిమా" అని పక్కన పెట్టేస్తాం. 2015లో క్రిష్ తీసిన 'కంచె'ను మాత్రం అలా వదిలేయకండి. అది మనం చూసి, కూర్చుని మాట్లాడుకోవలసిన సినిమా.

కథ 1944లో, ఇటలీలో. బ్రిటిష్ ఇండియా సైన్యంలో వెళ్లిన మనవాళ్లు కొందరు జర్మన్లకు చిక్కుతారు. కెప్టెన్ హరిబాబు, మరికొందరు తప్పించుకుంటారు. శత్రువుల మధ్యే దాక్కుంటూ బతకాలి, చిక్కినవాళ్లనీ విడిపించాలి. ఆ చిక్కినవాళ్లలో ఈశ్వర్ ఒకడు. హరిబాబుకు పైఅధికారి, ఊళ్లో బద్ధ శత్రువు. అయినా హరిబాబు వెళ్తాడు.

నేపథ్యం కల్పన కాదు. ఆ యుద్ధకాలంలో మన సైన్యంలో దాదాపు 25 లక్షలమంది పనిచేశారు. మన బెంగళూరులో హలసూరు చెరువు దగ్గరున్న మద్రాస్ సాపర్స్ కూడా ఇటలీ వెళ్లారు. వాళ్లలో సుబేదార్ సుబ్రమణ్యన్ 1944 ఫిబ్రవరిలో పేలబోతున్న మందుపాతర మీద పడి, పక్కవాళ్లను కాపాడి తాను చనిపోయాడు. ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు.

ఇక ఊరి కథ. మద్రాసులో చదువుకునే రోజుల్లో హరిబాబు, జమీందారుల ఇంటి సీత ప్రేమించుకుంటారు. అతనిది కింది కులం. ఈశ్వర్ ఆమెకు అన్న. ఊరు రెండుగా చీలిపోతుంది. ఆ గొడవల్లోనే సీత చనిపోతుంది.

దేశాల మధ్య కంచె, కులాల మధ్య కంచె ఒకటేనంటుంది సినిమా. నేను పూర్తిగా ఒప్పుకోను. సైనికుడి చేతిలో తుపాకి ఉంది, పక్కన తోటివాళ్లున్నారు, ఎటునుంచి గుండు వస్తుందో కొంతైనా తెలుసు. సీతకు ఏముంది? ముప్పు వచ్చింది అన్నం పెట్టిన ఇంటినుంచే. అక్కడ దాక్కునే చోటేది? పరాయి దేశంలో సైనికులకు దొరికిన పోరాడే అవకాశం సొంత ఊళ్లో ఆ పిల్లకు దొరకలేదు. ఆ తర్వాత సీత హరిబాబు రాసే ఉత్తరాల్లోనే మిగిలింది. ఉత్తరాలు బాగుంటాయి, ఏడుపొస్తుంది కూడా. కానీ జవాబు రాయడానికి సీత లేదు కదా!

"అదంతా పాతకాలం" అనేవాళ్లకు ఒక్క మాట. కులం దాటి పెళ్లి చేసుకునే జంటల రక్షణకు జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది 2018లో. అంతవరకూ వచ్చిందంటే కంచె ఇంకా ఉన్నట్టే.

యుద్ధంలో పోయినవాడి పేరు రాతిమీద చెక్కుతాం. అది సరైనదే. ఇంటివాళ్ల పగకు పోయిన అమ్మాయి పేరు మాత్రం ఇంట్లో ఎత్తనే ఎత్తరు, పైగా దానికి 'పరువు' అని పేరు. హరిబాబు ధైర్యానికి చప్పట్లు కొట్టండి, నేనూ కొడతాను. దాంతోపాటు సీత ఎందుకు బతకలేదని కూడా అడగండి. మీ జవాబు ఈ కాగితం కిందే రాయండి, ఖాళీ వదిలాను.

— బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని