తోటదారిలో బీఎస్ఏ చప్పుడు

బటాంగ్ బెర్జుంటైలో డెబ్భై ఐదేళ్ళు దాటిన తాతయ్యలని ఎవరినైనా అడిగి చూడండి: "మీ కాలంలో మోటారు సైకిళ్ళు ఎలా ఉండేవి?" అని. మొదట నవ్వుతారు. తర్వాత కుడికాలు కొంచెం పైకి లేపి గాలిలోనే కిక్కు కొడతారు. నేను ముగ్గురిని అడిగాను, ముగ్గురూ అదే చేశారు. 2007లో ఊరి పేరు బెస్తారి జయ అని మార్చినా వాళ్ళ నోట పాత పేరే వస్తుంది. బండి సంగతీ అంతే. వాకిట్లో నిలబెట్టింది జపాను బండి, చెప్పేది మాత్రం బీఎస్ఏ గురించి.

బీఎస్ఏ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కంపెనీ. 1861లో తుపాకులు చేయడానికి మొదలైంది, మోటారు సైకిళ్ళు తర్వాత వచ్చాయి. మన పెద్దలు ఎక్కువగా చెప్పే బి31 అనే బండి 1945లో వచ్చింది. ఒకటే సిలిండరు, 348 సీసీ. ఏజేఎస్, మ్యాచ్‌లెస్ అని ఇంకో రెండు పేర్లు కూడా వినిపిస్తాయి. ఆ రెండూ లండన్‌లోని ప్లమ్‌స్టెడ్‌లో ఒకే ఫ్యాక్టరీలో తయారయ్యేవి. ట్యాంకు మీద పేరు తీసేస్తే దాదాపు ఒకటే బండి. అయినా ఏజేఎస్ ఉన్నాయన మ్యాచ్‌లెస్ ఉన్నాయనతో కాఫీ కొట్టు దగ్గర గంటలకొద్దీ వాదించేవాడట. మన ఇళ్ళలో అన్నదమ్ములు వాదించుకోరూ, అలాగే.

350 సీసీ ఎందుకంత నచ్చింది? తోటదారి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎర్రమట్టి దారి, వాన పడితే బురద, ఎండితే దుమ్ము. ఆ దారిలో వేగం పనికిరాదు, లాగే బలం కావాలి. ఒక్క సిలిండరు ఇంజను నెమ్మదిగా తిరుగుతూ బలంగా లాగుతుంది. 500 సీసీ బండి ఇంకా బలమైనదే కానీ బరువు ఎక్కువ, బురదలో పడితే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. చిన్న బండి ఇద్దరిని ఎక్కించుకుని గట్టు ఎక్కలేదు.

ఇక బండి స్టార్టు చేయడం. ఇది మాత్రం నిదానంగా చెబుతాను, ఎందుకంటే పెద్దలకి ఇష్టమైన భాగం ఇదే. ఇప్పుడు బొటనవేలితో బొత్తాం నొక్కితే చాలు. అప్పుడు ముందు పెట్రోలు కుళాయి తిప్పాలి. కార్బురేటరు మీద చిన్న బొత్తాం ఉంటుంది, పెట్రోలు చుక్క బయటికి కారేదాకా దాన్ని నొక్కాలి. చాలా బండ్లకి హ్యాండిలు మీద ఇంకో చిన్న లివరు ఉండేది. సిలిండరులో నిప్పురవ్వ పడే క్షణాన్ని అది కొంచెం వెనక్కి జరుపుతుంది. తర్వాత కిక్కు మీద కాలు పెట్టి మెల్లగా తొక్కాలి. ఒకచోట కాలికి గట్టిగా అడ్డు తగులుతుంది. పిస్టను పైకి వచ్చిందని అర్థం. అప్పుడు వాల్వు ఎత్తే లివరు పట్టుకుని, పిస్టనుని ఒక్క పిసరు ముందుకి దాటించి, లివరు వదిలేసి, ఒళ్ళంతా బరువు వేసి ఒకే ఒక్క దెబ్బ కొట్టాలి. సగం మనసుతో కొడితే ఇంజను ఎదురు తంతుంది. మడమ వాచిపోతుంది. "కిక్కు మనం కొట్టాలి, లేకపోతే బండి మనల్ని కొడుతుంది" అన్నాడు ఒక తాతయ్య.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. మనం "కిక్కు కొట్టు" అంటాం, "కిక్కు తన్ను" అనం. తన్నేది గుర్రం, గేదె, కోపం వచ్చిన బండి. మా గుడి తరగతిలో ఈ తేడా ఏ పుస్తకంలోనూ లేదు, మా పెదనాన్న బండి దగ్గర నేర్చుకున్నాను.

ఆ బండ్లకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జపాను బండ్లకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక్క రోజులో పోదు కదా. కొత్త బండి కొన్న మొదటి వారం బ్రేకు అనుకుని గేరు తొక్కి కాలువలోకి వెళ్ళినవాళ్ళు ప్రతి తోటలోనూ ఒకరైనా ఉన్నారు. అందరూ "నేను కాదు, మా బావ" అనే చెబుతారు.

సరే, ఆ బండి ఎవరిది? ఈ ప్రశ్న అడగకపోతే కథ సగమే. మన ఊరి పక్కనే తెన్నమారం తోట ఉంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన హెన్రీ ఫొకొన్నియే 1917లో అక్కడ ఆయిల్ పామ్ నాటించాడు. ఈ దేశంలో వ్యాపారం కోసం వేసిన మొదటి ఆయిల్ పామ్ తోట అదే. తెన్నమారం అనేది అరవ మాట, కొబ్బరి చెట్టు అని అర్థం. మన టెంకాయకి చుట్టమే. అలాంటి తోటల్లో దొర కారులో తిరిగేవాడు. కిరాణీ, కండక్టరు, ఆసుపత్రి డ్రెస్సరు మోటారు సైకిలు మీద. రబ్బరు చెట్లు గీసేవాళ్ళు సైకిలు ఉంటే సైకిలు మీద, లేకపోతే నడక. చప్పుడు వినగానే లైన్లలో ఆడవాళ్ళు గట్టు మీద నుంచి లేచి నిలబడేవారని మా అమ్మమ్మ చెప్పేది. అది గౌరవమా, భయమా అని నేను అడిగితే, "రెండూ కలిపి ఒకటే పిల్లా" అంది. ఇంగ్లీషు బండిని ప్రేమించినవాళ్ళందరూ ఇంగ్లీషు దొరని ప్రేమించారని మాత్రం అనుకోకండి.

మా పెదనాన్న డ్రెస్సరుకి సహాయకుడు. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక సొంతదేశం వెళ్ళిపోతున్న ఒక చిన్న దొర దగ్గర పాత బి31 కొన్నాడు, మూడేళ్ళు వాయిదాల మీద. అప్పటికి ఎమర్జెన్సీ ఇంకా పూర్తి కాలేదు. 1948 నుంచి 1960 దాకా నడిచింది అది. ముళ్ళ కంచెలు, కర్ఫ్యూ. కొన్నిచోట్ల పనికి అన్నం మూట కూడా పట్టుకెళ్ళనిచ్చేవారు కాదు, అడవిలో ఉన్నవాళ్ళకి చేరుతుందని. రాత్రి నొప్పులు మొదలైతే మంత్రసానిని తేవడానికి గేటు దగ్గర కాగితం చూపించి వెళ్ళాలి. తిరిగి వస్తున్నప్పుడు మైలు దూరం నుంచే ఆ డుబ్ డుబ్ వినిపించేదట. "మీ పెదనాన్న వస్తున్నాడు, ఇంక భయం లేదు" అని మా అమ్మకి వాళ్ళ అమ్మ చెప్పేది. ఆ బండి వెనక సీటు మీద వచ్చిన మంత్రసాని చేతుల్లో పుట్టినవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలోనే ఉన్నారు.

కూలివాడి చేతికి ఇంజను ఇచ్చింది మాత్రం ఇంగ్లండు కాదు. 1958లో హోండా 50 సీసీ సూపర్ కబ్ వచ్చింది. పెనాంగ్‌కి చెందిన లో బూన్ స్యూ జపాను వెళ్ళినప్పుడు దాన్ని చూసి, ఇక్కడికి తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. క్లచ్ లివరు లేదు, నూనె కారదు, చీర కట్టుకుని కూడా ఎక్కవచ్చు. కప్‌చాయ్ అని మనం అనేది ఆ వంశమే. ఇంగ్లండులో బీఎస్ఏ మోటారు సైకిళ్ళ వ్యాపారం 1973 నాటికి చితికిపోయింది.

అయితే ఆ చప్పుడు అన్నిచోట్లా ఆగలేదు. జలసంధి అవతల సుమత్రాలో పెమాతాంగ్ సియాంతార్ అనే ఊళ్ళో, యుద్ధకాలంలో వచ్చిన బీఎస్ఏలకి పక్కబండి తగిలించి ఇప్పటికీ బెచాలుగా తిప్పుతున్నారు. మన పెద్దల ఓడలు బయలుదేరిన తీరంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఉంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక ఆంధ్రలో పెళ్ళికొడుకుల కోరిక అదే అయింది. శ్రీకాకుళం వెళితే మీ చుట్టాల్లో ఎవరో ఒకరికి ఉంటుంది, ఎక్కి చూడండి.

మీ ఇంట్లో పాత ఫోటో ఉంటే పంపండి. నంబరు ప్లేటు మీద బి అక్షరం ముందు ఉంటే బండి మన సెలాంగోరుదే. ఫోటో వెనక తెలుగులో నాలుగు ముక్కలు రాయండి: బండి ఎవరిది, ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకి అమ్మేశారు. వెనక సీటు మీద ఎవరు కూర్చున్నారో కూడా తప్పకుండా అడగండి. బండి పేరు అందరికీ గుర్తుంది, చాలా ఫోటోల్లో ఆ మనిషి పేరే ఎవరూ రాయలేదు.