కొడవలి కణమూ, 22 లక్షల డాలర్లూ

సైన్సుకు వర్గం లేదనే మిత్రులతో నాకు పేచీ. కొడవలి కణ వ్యాధినే చూడండి. ఆ జన్యువు తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే వస్తే బిడ్డకు మలేరియా నుంచి కొంత రక్షణ అని 1954లో ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపాడు. ఇద్దరి నుంచీ వస్తే వ్యాధి. దోమ తరతరాలుగా కాటేసిన చోటనే ఇది పాతుకుంది. మన విశాఖ మన్యం సరేసరి.

ఈ పసివాళ్లకు పూటపూటా పెన్సిలిన్ ఇస్తే ప్రాణాంతకమైన అంటురోగాలు బాగా తగ్గుతాయని 1986లోనే అమెరికాలో తేలింది. కారుచౌక మందు! 2023లో అదే దేశం ఆమోదించిన ఒక జన్యుచికిత్స వెల మనిషికి 22 లక్షల డాలర్లు. ఆ శాస్త్రజ్ఞుల ప్రతిభను నేను శంకించను. మన ప్రభుత్వమూ ఆ ఏడాదే 7 కోట్లమందికి రక్తపరీక్ష చేస్తామంది. చెయ్యనీండి. కాని పరీక్ష చీటీ పట్టుకుని తిరిగి కొండెక్కిన తల్లికి, మర్నాటి నుంచి ఆ మాత్ర ఎవరిస్తారు?