రోళ్ళపాడు గడ్డినేలలో లుఖ్మాన్ ఉపదేశం

మన ఇళ్లలో ప్రయాణం అంటే ఎక్కువగా రెండే: బంధువుల ఇంట పెళ్లి, లేదా ఆసుపత్రి. సెలవులు వస్తే మగపిల్లలు మైదానానికి వెళతారు; ఆడపిల్లలు, వారి తల్లులు, దాదీలు, నానీలు మాత్రం ఇంటి గోడల మధ్యే ఉండిపోతారు. కుటుంబమంతా కలిసి, ఆకాశం కింద, ఏ కొనుగోలూ లేకుండా నాలుగడుగులు నడవడం మనకు అలవాటు తప్పింది. ఇది ధర్మం విధించిన కట్టుబాటు కాదు. దైవప్రవక్త (స) ప్రయాణంలో ఉండగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్ల తర్వాత ఆయన గెలిచి, ఇది దానికి బదులు అన్నారు. భార్యాభర్తల మధ్య అంతటి ఆహ్లాదానికి చోటిచ్చిన ధర్మం మనది.

బంగారుపాళ్యం వాసులకు అడవి దూరం కాదు. పలమనేరు దిక్కున 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఉంది. కానీ అది ఏనుగులు తిరిగే అడవి. పసిపిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని నడిచే చోటు కాదు. ప్రాణాన్ని అపాయంలో పడవేసుకోవడం దైవంపై భరోసా అనిపించుకోదు. కుటుంబంతో నడవడానికి తగినది ఎత్తుపల్లాలు లేని నేల, దూరం వరకూ చూపు ఆనే నేల. అటువంటిది మన రాయలసీమలోనే, నంద్యాల జిల్లా నందికొట్కూరు సమీపంలో ఉంది. అదే రోళ్ళపాడు అభయారణ్యం.

బీడు అని పేరు పెట్టాం

ఇది 1988లో ఏర్పడింది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఇక్కడ ఆకాశాన్నంటే చెట్లు లేవు, జలపాతాలు లేవు. ఉన్నది గడ్డి, అక్కడక్కడ ముళ్లపొదలు, కృష్ణజింకల మందలు. మొదటిసారి చూసినవారు, ‘ఇంతదూరం వచ్చింది ఈ బీడు చూడడానికా?’ అని అడగవచ్చు. ఆ ప్రశ్నలోనే ఈ నేలకు పట్టిన దురవస్థ దాగి ఉంది. చెట్టు లేనిదంతా బంజరని, దున్నని నేలంతా వ్యర్థమని మనం లెక్క రాసుకున్నాం.

గడ్డి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, వాననీటిని నేలలోకి దించుతాయి. ఆ గడ్డిలో మిడతలు, మిడతలను తినే పిట్టలు, వాటిని వేటాడే డేగలు, నక్కలు ఉన్నాయి. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి హారియర్ అనే డేగలు ఇక్కడికి వస్తాయి. అవి రాత్రివేళ చెట్లపై కాక, గడ్డిలో నేలపైనే నిద్రిస్తాయి. భూమిపై సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మన వంటి సముదాయాలేనని అన్‌ఆమ్ సూరా బోధిస్తుంది. అలాంటప్పుడు ఒక సముదాయపు నివాసాన్ని వ్యర్థమనే అధికారం మనకెవరిచ్చారు?

ఈ అభయారణ్యం ఏర్పడింది ముఖ్యంగా బట్టమేక పిట్ట కోసం. మగపిట్ట మీటరు ఎత్తు ఉంటుంది; పదిహేను కిలోల వరకూ తూగుతుంది. అంత బరువుతో ఎగిరే పక్షులు లోకంలో బహు తక్కువ. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా వట్టి నేలపై పెడుతుంది. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షాన అసద్ రహ్మానీ నాయకత్వంలో పరిశోధకులు ఇక్కడ ఈ పిట్టను అధ్యయనం చేశారు. ఆ సంస్థకు జీవితాన్ని అంకితం చేసిన సలీం అలీ (1896–1987) పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. తాను కొట్టిన ఒక పిచ్చుక ఏ జాతిదో తెలుసుకోవాలన్న కోరిక ఆయనను దేశం గర్వించే పక్షి శాస్త్రవేత్తను చేసింది. అనాథ బాలుని ప్రశ్నకు ఇంట్లో ఒకరు చెవి ఒగ్గితే ఎంత మేలు జరుగుతుందో ఆలోచించండి.

నేడు రోళ్ళపాడులో ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది. దేశమంతటా కలిపి నూటయాభైకి మించి లేవని అంచనా; వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనివే. చుట్టుపక్కల కాలువ నీరు వచ్చి పంటల తీరు మారింది. జింకలు పెరిగి చేలపై పడగా రైతులు నష్టపోయారు. రైతును దోషిగా నిలబెట్టి మనం చేతులు దులుపుకోరాదు. ఈ విషయంలో మన చరిత్ర దారి చూపుతుంది. దైవప్రవక్త (స) మదీనాను పవిత్ర క్షేత్రంగా ప్రకటించి, అక్కడ చెట్టు నరకడాన్ని, వేటాడడాన్ని నిషేధించారు. నఖీ అనే పచ్చికను ‘హిమా’గా, అంటే రక్షిత భూమిగా కేటాయించారు. ఖలీఫా ఉమర్ (రజి) మరొక హిమాకు కాపరిని నియమిస్తూ, పీడితుని మొరకు భయపడమని, కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోనికి రానివ్వమని, తోటలూ పొలాలూ ఉన్న సంపన్నుల మందలను మాత్రం ఆపమని ఆదేశించారు. పచ్చికను కాపాడడం, పేదవాని కడుపు కాపాడడం ఆయన దృష్టిలో ఒకే బాధ్యత.

నడక మర్యాదలు

పిల్లలకు బట్టమేక పిట్టను చూపిస్తామని మాట ఇవ్వకండి. ఏదో ఇస్తానని బిడ్డను పిలిచిన తల్లిని దైవప్రవక్త (స) ఏమిస్తావని అడిగారు. ఆమె ఖర్జూరం అని చెప్పగా, ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా రాయబడేదని హెచ్చరించారు. ‘జింకలను చూస్తాం, ఆ పిట్ట ఉండిన చోటును చూస్తాం’ అని చెప్పండి. లేకుండా పోయినదాన్ని గురించి పిల్లలు అడిగే ప్రశ్న కూడా విద్యే.

లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశం ఈ నడకకు సరిగ్గా సరిపోతుంది: నేలపై నిక్కుతూ నడవవద్దు, నడకలో మధ్యస్థంగా ఉండు, స్వరం తగ్గించు. బాట వదలి గడ్డిలోకి దిగకండి. గుడ్లు నేలపైనే ఉంటాయి, రక్తపింజరి కూడా అక్కడే ఉంటుంది. చెప్పులు కాక బూట్లు వేయించండి. దాదీ అడుగు ఎంత వేగమో, కుటుంబం నడక అంతే వేగం. ఫోన్లలో పాటలు వద్దు. గూడు కనిపిస్తే తాకవద్దు. పిట్టపిల్లలను తీసుకున్న సహచరులను దైవప్రవక్త (స) వాటిని తల్లికి తిరిగి ఇచ్చేయమన్నారు.

కార్తిక, మార్గశిర మాసాల చలిలో, ఫజ్ర్ నమాజు ముగిసిన వెంటనే నడక మొదలుపెట్టడం ఉత్తమం. ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి. తాగడానికే కాక వుజూకు కూడా నీళ్లు తీసుకువెళ్లండి. ఊరు దగ్గర ఉండగా బద్ధకంతో తయమ్ముమ్ చెల్లదు. మన ప్రాంతం నుంచి కడప, నంద్యాల మీదుగా వెళ్లే ఈ దూరం ప్రయాణపు హద్దును దాటుతుంది గనుక, హనఫీ పద్ధతి ప్రకారం జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులే. చీకటి పడకముందే వెనుదిరగండి. నేలపై నిద్రించే పక్షులకు అది ఇల్లు చేరే వేళ. తిన్న పొట్లాల కాగితం, నీళ్ల సీసా మీ సంచిలోనే తిరిగి రావాలి. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమైనప్పుడు, దాన్ని మనమే పడవేయడం ఏమవుతుంది?

అంత దూరం వెళ్లలేనివారు నిరాశ చెందనవసరం లేదు. మన ఊరి మామిడితోటలు దాటితే ఇంకా దున్నని బీళ్లు కొన్ని మిగిలి ఉన్నాయి. వచ్చే ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లి, పావుగంట మాట్లాడకుండా కూర్చోండి. ఎన్ని రకాల గడ్డి, ఎన్ని పిట్టలు ఉన్నాయో పిల్లల చేత లెక్కపెట్టించండి. ఆ లెక్క ముగిసిన తర్వాత, దాన్ని బంజరు అని పిలవడానికి వారి నోరు రాకపోవచ్చు, ఇన్‌షాఅల్లాహ్.