బ్యాచ్‌లో నలుగురు.. కోడ్ రాసేది ఒక్కరే

జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో తెలుగువారి ఇళ్లలో మూడో తరం ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. తాతలు ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చారు. మనవలు కంప్యూటర్ సైన్స్‌లో చేరారు. కొందరు ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లోని ఎన్ఐటీలో, మరికొందరు హైదరాబాద్, విశాఖ కాలేజీల్లో చదువుతున్నారు.

సెలవులకు వచ్చినవారిని ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి అడిగితే ముందు నవ్వుతారు. ఆ తర్వాత వినిపించేది దాదాపు ఒకే కథ. బ్యాచ్‌లో ఒకరు కోడ్ రాస్తారు. ఒకరు రిపోర్టు బైండింగ్ చేయిస్తారు. ఒకరు పీపీటీ చేస్తారు. నాలుగో మనిషి వైవా రోజు కనిపిస్తాడు. మార్కులు అందరికీ ఒకటే. కోడ్ రాసే ఆ ఒక్కరూ లేకపోతే అమీర్‌పేట ఉండనే ఉంది, రెడీమేడ్ ప్రాజెక్టు దొరుకుతుంది.

కాగితం మీద లోటేమీ లేదు. భారత్ 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తిస్థాయి సభ్యురాలైంది. ఎన్‌బీఏ గుర్తింపు కావాలంటే విద్యార్థులకు జట్టుగా పనిచేయడం వచ్చని కాలేజీ చూపించాలి. చిక్కల్లా దాన్ని కొలవడంలోనే. వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ గీసి, నాలుగు లాభాలు, నాలుగు నష్టాలు రాస్తే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పేపర్ గట్టెక్కుతుంది. ఇద్దరు ఒకే ఫైలును మార్చేస్తే ఏం చేయాలో ఎవరూ అడగరు. ఉద్యోగంలో చేరిన వారంలోనే ఎదురయ్యేది మాత్రం అదే.

గిట్ వచ్చింది 2005లో. ఉచితం. ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో అందులో నమోదవుతుంది. సెమిస్టర్ మొదటి నుంచీ వాడిస్తే, చివరి రాత్రి ఒక్కసారిగా ఎక్కించిన కోడ్ ఇట్టే దొరికిపోతుంది. అలాగని కమిట్లు లెక్కపెట్టి మార్కులేస్తే కామాలు మార్చి కమిట్ చేసే ఘనులు తయారవుతారు. ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. 60 మంది సెక్షన్‌లో 15 బ్యాచ్‌లు. వారానికి బ్యాచ్‌కు 20 నిమిషాలంటే ఐదు గంటలు. ఆ ఐదు గంటలు అధ్యాపకుల టైంటేబుల్‌లో ఉన్న కాలేజీలెన్ని? వర్క్‌లోడ్‌లో చూపకుండా ‘గైడ్’ అని పేరు రాసేస్తే సంతకమే మిగులుతుంది.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో విద్యార్థులు జట్లుగా బయటి క్లయింట్లకు పనిచేసే కోర్సు ఉంది. అన్నిచోట్లా క్లయింట్లు దొరకరు. ఖర్చులేని పద్ధతి ఒకటుంది. సెమిస్టర్ సగంలో బ్యాచ్‌ల ప్రాజెక్టులు మార్చేయాలి. ఒకరి కోడ్ ఇంకొకరు అందుకుని పూర్తి చేయాలి. అగ్రికో తాతలకు ఇది కొత్తేమీ కాదు. షిఫ్టు దిగేముందు ఏ పని అయింది, ఏది మిగిలింది అన్నది వచ్చేవాళ్లకు అప్పగించాకే వాళ్లు సైకిలెక్కేవారు.