చదివినవీ, చదవనివీ

పుస్తకాల గురించి రాయడానికి నేను పండితుణ్ణి కాను, విమర్శకుణ్ణి అంతకంటే కాను. రాత్రి భోజనమయ్యాక పడక్కుర్చీలో చేరగిలబడి నిద్ర వచ్చేదాకా చదివేవాణ్ణి. నా అభిప్రాయాలకు అంతవరకే విలువ ఇవ్వండి.

'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. ఇప్పటికీ ఎక్కడ తెరిచినా నాకు నవ్వాగదు. తరువాతి భాగాల్లో పార్వతీశానికి లోకజ్ఞానం వచ్చింది, నాకు నవ్వు తగ్గింది. తెలివొచ్చినవాణ్ణి చూసి నవ్వడానికేముంది?

గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' చదివినప్పుడల్లా సీతారామారావు మీద ఒళ్లు మండుతుంది. పుస్తకం బాగాలేక కాదు. చేసిన ప్రతి తప్పుకీ అతను ఒక సిద్ధాంతం చెబుతాడు. ఆ విద్య నాకూ వచ్చు గనుక.

కాలేజీ రోజుల్లో 'కన్యాశుల్కం' చదివి గిరీశానికి దాసోహమన్నాను. ఆడపిల్ల తండ్రినయ్యాక, అదే గిరీశం మా ఇంటికి చదువు చెబుతానని వస్తే గుమ్మంలోంచే పంపించేస్తాను. ఇప్పుడు నా ఓటు మధురవాణికి.

ఇక 'వేయిపడగలు'. అంత పుస్తకాన్ని విశ్వనాథవారు 29 రోజుల్లో పూర్తిచేశారని చెబుతారు. నేను 29 ఏళ్లుగా చదువుతున్నాను, నూరో పేజీ దాటలేదు. అయినా నలుగురిలో దాన్ని గురించి ధారాళంగా మాట్లాడేవాణ్ణి. ఒకసారి స్నేహితులు వచ్చినప్పుడు మా ఆవిడ ధర్మారావు గురించి ఏదో చెప్పబోయింది. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మొన్న మా అమ్మాయి అడిగింది: "నాన్నా, చివరికి ఎన్ని పడగలు మిగులుతాయి?"

"వెయ్యీనూ" అన్నాను తడుముకోకుండా.

"రెండేనమ్మా" అంది మా ఆవిడ వంటింట్లోంచి, చారుకి తిరగమోత వేస్తూ. "భార్యాభర్తల బంధం. అదొక్కటే మిగులుతుంది."

తను ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివిందట. ఎప్పుడు చదివిందో నేను చూడనేలేదు.

ఆ రాత్రి మెల్లిగా అడిగాను: "అప్పుడేదో చెప్పబోయావు, ఏమిటది?"

ఎప్పుడని ఆమె అడగలేదు. "ముందు మీరు చదవండి, తరువాత చెబుతాను" అంది.

ప్రస్తుతం నూట నలభయ్యో పేజీలో ఉన్నాను.