బి.పి.ఎడ్. చేస్తే ఎంత పోతుంది, ఎంత వస్తుంది?



మన హాస్టల్లో ఎవరైనా వాలీబాల్ బాగా ఆడితే చాలు, "వీడు బి.పి.ఎడ్. చేసి పీఈటీ అయిపోతాడు" అని అందరూ తేల్చేస్తారు. అనేవాళ్ళకు ఖర్చు లేదు, చేసేవాడికే ఉంది. మేము మా మా ఇళ్ళల్లో డిగ్రీ పాసైన మొదటివాళ్ళం. ఏ చదువుకు ఎంతవుతుందో, చదివాక ఎంతొస్తుందో చెప్పే పెద్దలు మాకు లేరు. అందుకే ఆ లెక్క మీకోసం ఇక్కడ వేస్తున్నాం.

బి.పి.ఎడ్. ఒకప్పుడు ఏడాది కోర్సు. ఎన్.సి.టి.ఇ. 2014 నిబంధనల తర్వాత రెండేళ్ళయింది. కన్వీనర్ కోటాలో సీటొస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. బకాయిలు రాలేదని కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఆపేయడం కూడా మనకు తెలిసిందే. ప్రభుత్వ కాలేజీ హాస్టల్ దొరికితే తిండి ఖర్చు తప్పుతుంది. 2024 నవంబరులో కాలేజీ విద్యార్థుల మెస్ చార్జీ నెలకు రూ.1,500 నుండి రూ.2,100కు పెంచారు. ఇరవై నెలలకు రూ.42,000 మన జేబులోంచి పోనట్టే. ఇక ట్రాక్‌సూటు, బూట్లు, స్పైక్స్, రికార్డులు, క్యాంపు ఖర్చు, టీచింగ్ ప్రాక్టీసుకు తిరిగే బస్సు చార్జీలు మనవే. గ్రౌండులో రెండు పూటలా పరుగెత్తేవాడికి మెస్సు అన్నం చాలదు కనుక గుడ్లు, అరటిపండ్లు కూడా.

ఇదంతా కంటికి కనిపించే ఖర్చు. డిగ్రీ అయినవాడు ఏ మెడికల్ షాపులోనో నెలకు పదివేలకు కుదిరితే రెండేళ్ళకు రూ.2,40,000. ఆ డబ్బు ఇంటికి రాదు. అంటే అమ్మ ఇంకో రెండేళ్ళు కూలికి పోవాలి. ఇది ఏ ప్రాస్పెక్టస్‌లోనూ రాయరు.

రాబడి చూద్దాం. తెలంగాణ 2024 డీఎస్సీలో పీఈటీ స్కేలు రూ.31,040–92,050. డీఏ, ఇంటి అద్దె భత్యం వేరు. పీఈటీకి టెట్ అక్కర్లేదు. మన ఇళ్ళకు ఇది పెద్ద జీతమే. కానీ పోస్టులెన్ని? 2017 టి.ఆర్.టి.లో మొత్తం 8,792 పోస్టులుంటే పీఈటీలు 416, వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంట్లు 9. అచ్చుతప్పు కాదు, తొమ్మిదే. తర్వాత 2023లో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. 2024లో 11,062 పోస్టుల్లో పీఈటీలు 182. ముప్ఫైమూడు జిల్లాలకు పంచితే జిల్లాకు ఐదో ఆరో. అందులో మళ్ళీ రోస్టరు. మధ్యలో గురుకులాల పోస్టులు కొన్ని పడ్డాయిగానీ, స్కూళ్ళ పోస్టుల కోసమే చూసినవాడు 2017లో ఇరవై రెండేళ్ళవాడైతే 2024కి ఇరవై తొమ్మిది. మా లెక్కలో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఈ ఎదురుచూపే.

ఆ ఏడేళ్ళూ ఏం చేస్తాడు? ప్రైవేటు స్కూల్లో చేరతాడు. అలా చేరినవాళ్ళను అడిగాం. నెలకు పది, పన్నెండు వేలు. కొన్నిచోట్ల వేసవి రెండు నెలలూ జీతం ఉండదు. ఆటల పీరియడ్ లెక్కల సారు తీసుకుంటాడు, వ్యాయామం సారుకు బస్సు డ్యూటీ!

ఇంటర్ చదివే తమ్ముళ్ళు ఒక సంగతి గమనించాలి. పీఈటీ పోస్టుకు ఇంటర్, రెండేళ్ళ డి.పి.ఎడ్. చాలు. డిగ్రీ, ఆపైన బి.పి.ఎడ్. చేసి అదే పోస్టుకు పోటీపడేవాడు ఐదేళ్ళు పెడుతున్నాడు. స్కూల్ అసిస్టెంట్ కావాలంటే మాత్రం బి.పి.ఎడ్. తప్పదు. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎం.పి.ఎడ్., దానిపైన నెట్‌గానీ సెట్‌గానీ కావాలి.

మా అభిప్రాయం ఇది. కన్వీనర్ సీటు, ఉండటానికి హాస్టల్ రెండూ దొరికితే చేరండి. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. దానికోసం వడ్డీకి అప్పు తెచ్చి, ఉన్న అర ఎకరం కుదువబెట్టి చేరవద్దు. పదివేల జీతంతో ఆ వడ్డీ కూడా తీరదు.

ఆటంటే ప్రాణమిచ్చేవాళ్ళకు లెక్కలేమిటని కొందరంటారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే కదా అంటారు. నిజమే. వాళ్ళకు నెలల తరబడి శిక్షణ ఇప్పించినవాళ్ళున్నారు. మన హాస్టళ్ళలో వార్డెన్ సారు, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్ ఉంటారుగానీ ఆట నేర్పేవారేరి? నాలుగైదు హాస్టళ్ళకు ఒక్క పీఈటీని ఇచ్చినా మన పిల్లలకు ఆట వస్తుంది, మనలో చదివినవాళ్ళకు పని దొరుకుతుంది. పూర్వ విద్యార్థులు ఈ వార్షికోత్సవానికి వచ్చే అధికారుల ముందు ఈ మాట పెట్టాలని కోరుతున్నాం.

పీఈసెట్‌కు రాత పరీక్ష లేదు. వంద మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్, అబ్బాయిలకు 800 మీటర్లు, అమ్మాయిలకు 400 మీటర్లు. వీటికి 400 మార్కులు, ఆట నైపుణ్యానికి 100. ఫైనలియర్ వాళ్ళు సంక్రాంతి సెలవుల నుండే మొదలుపెట్టండి. ఆదివారాలు పొద్దున్నే మేమూ గ్రౌండుకు వస్తాం. స్పైక్స్ రెండు జతలున్నాయి, ఎనిమిది, తొమ్మిది సైజులు. కాలికి సరిపోయినవాళ్ళు వాడుకోవచ్చు.