రంగు వెనుక కారణం

కళాశాల కార్యాలయంలోని కంప్యూటరుపై విద్యార్థుల రికార్డులు వరుసగా కనిపించేటపుడు రుసుము బాకీ ఉన్నవారిని ఎరుపులోను, చెల్లించినవారిని ఆకుపచ్చలోను చూపటం సౌకర్యమే. వందల పేర్ల నడుమ కావలసిన పేరు చప్పున దొరుకుతుంది. అయితే రంగును చూచి కారణాన్ని విస్మరించరాదని నా అభిప్రాయం.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌నే తీసుకొందాము. అనేక రికార్డులు ఒకేసారి కనిపించే ఫారంలో, ప్రతి వరుసలోను కనిపించే గడి నిజానికి ఒక్కటే. ప్రోగ్రాము ద్వారా దాని రంగు మార్చినచో వరుసలన్నీ ఆ రంగునే దాల్చుతాయి. ఈ చిక్కును తీర్చుటకు యాక్సెస్ 2000లో కండిషనల్ ఫార్మాటింగ్ ప్రవేశించింది. నాడు ఒక్కొక్క గడికి 3 షరతులే ఉండగా, 2010 కూర్పులో అవి 50కి పెరిగాయి. షరతు పరీక్షించేది పట్టికలోని సమాచారాన్ని. అది పూసిన రంగు పట్టికలో నిలువ ఉండదు.

కావున పట్టికలో లేని విషయాన్ని రంగు చెప్పజాలదు. ఉపకారవేతనం మంజూరై చేతికందని పేద విద్యార్థి, స్తోమత ఉండీ చెల్లించని విద్యార్థి ఒకే ఎరుపులో నిలుచుట న్యాయమా? పైగా ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియని కన్నులుగల గుమాస్తాకు ఆ రంగులు రెండూ మూగవే.

బాకీకి కారణం తెలిపే గడి ఒకటి పట్టికలో చేర్చి, దానిని రంగు ప్రక్కనే చూపాలి. హాల్‌టిక్కెట్టు నిలిపివేసే ముందు ఆ మాట చదివే నియమాన్ని పాలకవర్గంవారు విధించుట ఉచితం.